మల్లెపొదకు మామిడాకులు

మా ఊళ్ళో మొక్కలన్నిటికీ రేకు బిళ్ళలు తగిలించిన ఏడాది చలి కాస్త ముందే వచ్చింది. బిళ్ళ మీద నంబరు, నంబరు కింద ఇంటి యజమాని పేరు. మా గుమ్మం పక్కన ఉన్న మల్లెపొదకు మా ఆయన పేరు రాసి వెళ్ళారు. ఈ ఇంట్లో కాపురం పెట్టాక ఆయన ఆ పొదకి ఒక్క చెంబు నీళ్ళు పోసి ఎరగరు. అయినా వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తన పేరు చూసుకుని కాస్త సంతోషపడేవారు.

పథకం పేరు 'పచ్చని గడప'. ప్రతి ఇంట్లోనూ మొక్కలు ఉండాలి, ఉన్న మొక్కలు పచ్చగా ఉండాలి, అలా పచ్చగా ఉన్నట్టు అధికారి వచ్చి చూసి ధ్రువీకరించాలి. మొదటి రెండూ మేము ఎప్పటినుంచో చేస్తున్నవే. మూడోదే కొత్త.

పచ్చదనం అంటే ఏమిటో ఎవరికీ అనుమానం మిగలకూడదని ఒక అట్ట కూడా తయారుచేశారు. గోడలకి రంగులు అమ్మే కొట్లో చూపిస్తారే, వరసగా గళ్ళు ఉన్న అట్ట, అలాంటిదే. ముదురాకుపచ్చ గడి ఉత్తమం. దాని తరవాతది సంతృప్తికరం. పసుపు కలిసిన గడి హెచ్చరిక. అట్టడుగున ఒక గోధుమరంగు గడి ఉంది. ఆ గడిలో పడిన మొక్క చచ్చిపోయినట్టు లెక్క. అలా చచ్చిపోయినదాన్ని మునిసిపాలిటీ ట్రాక్టరు వచ్చి వేళ్ళతో సహా పెళ్ళగించుకుపోతుంది. దుఃఖం మరిచిపోవడానికి ఒక రబ్బరు మొక్క ఇస్తారు.

మా వార్డుకి హరిత పర్యవేక్షకులుగా త్రినాథరావు గారు వచ్చారు. అంతకుముందు ఆయన జనన మరణాల నమోదు విభాగంలో చేశారు. మనిషి మంచివారు, గుమ్మంలో చెప్పులు విప్పి మరీ లోపలికి వస్తారు. కానీ ఆ విభాగంలో ఎక్కువకాలం చెయ్యడం వల్ల, లోకంలో ఏ వస్తువుకైనా రెండే స్థితులు ఉంటాయన్న నమ్మకం ఆయనలో స్థిరపడిపోయింది.

ఆయన మా ఇంటికి వచ్చింది పుష్యమాసంలో. నేను మల్లెపొదకు ఆకు దూసిన మర్నాడు.

మల్లె ఊరికే పూయదు. చలికాలంలో దానికి నీళ్ళు మాన్పించాలి. ఆకంతా దూసేసి, కొమ్మల కొసలు కత్తిరించి, మొదట్లో మట్టి తవ్వి ఎండ తగలనివ్వాలి. కొన్నాళ్ళపాటు పొదకి తన పని అయిపోయిందనిపించాలి. అప్పుడు ఎరువు వేసి నీళ్ళు పెడితే ఒళ్ళంతా మొగ్గ తొడుగుతుంది. జాలిపడి రోజూ నీళ్ళు పోస్తూనే ఉంటే ఆకు వేస్తుంది, గోడెక్కుతుంది, పచ్చగా నవనవలాడుతుంది, పూయదు. మా వీధిలో మల్లెపొద ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ రోజుల్లోనే ఆకు దూస్తారు.

మా ఇంట్లో ఈ పని మా అత్తగారి కోసం మరింత శ్రద్ధగా చేస్తాం. ఆవిడకి చూపు పోయింది. కంటి నరం ఎండిపోయిందన్నారు. చెయ్యి కాలుతుందని పొయ్యి దగ్గరికి రానివ్వం. పేపరు లేదు. టీవీ అంటే ఆవిడకి రేడియోయే. ఏడాదంతా ఎవరో ఒకరు "మామ్మా, కాస్త అటు జరుగు" అంటూనే ఉంటారు. వేసవి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. సాయంత్రం వీధిలో ఆడవాళ్ళంతా మొగ్గలు కోసుకొచ్చి మా అరుగు మీద పోస్తారు. ఆవిడ అరటినార తడిపి, వేళ్ళతోనే మొగ్గల్ని ఎదురెదురుగా జతచేసి ముడివేస్తుంటే, కళ్ళున్నవాళ్ళం నార అందిస్తూ కూర్చుంటాం. ఎవరి మాల బిగువుగా వచ్చింది, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్ళింది, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, అన్నీ ఆ అరుగు మీదే తేలతాయి. మల్లెలు ఉన్నన్నాళ్ళూ మా ఇంటికి పెద్ద ఆవిడే.

త్రినాథరావు గారు ఉన్ని టోపీ సర్దుకుంటూ పొద ముందు నిలబడ్డారు.

"ఎప్పుడు పోయిందమ్మా?" అన్నారు గొంతు తగ్గించి.

"పోలేదండీ. ఆకు దూశాం."

"ఎవరు దూశారు?"

"నేనేనండీ. నిన్న."

ఆయన అట్ట తీసి కొమ్మ పక్కన పెట్టి చూశారు. కొమ్మ రంగు అట్టడుగు గడికి అతికినట్టు సరిపోయింది. సరిపోయినందుకు ఆయన ముఖంలో ఒక తృప్తి కనిపించింది.

"గోటితో కాస్త గీరి చూడండి, లోపల పచ్చగానే ఉంటుంది" అన్నాను.

"లోపలి పచ్చదనం మా పరిధిలోకి రాదమ్మా."

"నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివానండీ."

"సంతోషం. అయితే చదువు వేరు, విధానం వేరు. సదరు మొక్కకు ఆకులు లేవు. ఆకులు లేనిది పచ్చగా లేదు. పచ్చగా లేనిది జీవించి ఉన్నట్టు మేము ధ్రువీకరించలేం. నీళ్ళు కూడా పోస్తున్నట్టు లేరు."

"ఇప్పుడు పొయ్యకూడదండీ. దానికి దాహం వెయ్యాలి."

"దాహాన్ని ప్రోత్సహించే అధికారం నాకు లేదమ్మా" అన్నారాయన బాధగా.

అరుగు మీద నుంచి మా అత్తగారు పిలిచారు. "ఎవరమ్మాయ్ అది? గంధం వాసన వస్తోంది."

"మునిసిపాలిటీ వారండీ. మన మల్లెపొద చచ్చిపోయిందంటున్నారు."

"తిరుపతి వెళ్ళొచ్చావా నాయనా?"

త్రినాథరావు గారు తెల్లబోయి టోపీ తడుముకున్నారు. "అవునమ్మా. మొన్ననే."

"గుండు చేయించుకున్నావా?"

"చేయించుకున్నానమ్మా."

"మరి నీ పేరు ఎందులో రాసుకున్నారు నాయనా, ఉన్నవాళ్ళలోనా, పోయినవాళ్ళలోనా?"

ఆయన ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. కాసేపు ఆలోచించారు. "తలవెంట్రుకలకు సంబంధించి ప్రస్తుతానికి ఆదేశాలేమీ లేవమ్మా" అని చెప్పి, నాకేసి తిరిగారు. "వచ్చే సోమవారం ట్రాక్టరు వస్తుంది. ఆలోగా మొక్క ఆకులతో కనిపించినట్లయితే మరణాన్ని రద్దు చేయవచ్చు."

"మరణాన్ని రద్దు చేస్తారా?"

"మా పాత విభాగంలో చాలా చేశామమ్మా" అన్నారాయన, చెప్పులు తొడుక్కుంటూ.

ఆ సాయంత్రం మా ఆయన కాఫీ తాగుతూ, "పోనీ రబ్బరు మొక్కే తీసుకుందాం. ఆకు పెద్దది, చూడ్డానికి హుందాగా ఉంటుంది. నలుగురూ వచ్చి గొడవపడటం, అక్కడ నా పేరుండటం..." అన్నారు.

"అది పూస్తుందిట్రా?" అన్నారు మా అత్తగారు.

"పూయదమ్మా."

"మరి వేసవిలో సాయంత్రాలు నేనేం చెయ్యను?"

మా ఆయన కాఫీలో పంచదార సరిపోలేదని నాతో చెప్పారు.

మర్నాటి నుంచి, పోయిన మొక్కల్ని బతికించడానికని, మా వీధికి మునిసిపాలిటీ ట్యాంకరు రావడం మొదలుపెట్టింది. మా కుళాయిలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, వచ్చినా బిందె నిండకముందే దగ్గుతాయి. చనిపోయిన మొక్కలకు మాత్రం రోజూ ట్యాంకరు. పొద దాకా గొట్టం లాగేలోపల గొట్టం కింద వరసగా బిందెలు పెట్టేవాళ్ళం. ట్యాంకరు మనిషి అడ్డు చెప్పలేదు. ఇన్ని నీళ్ళు దించాలన్నదే ఆయనకున్న ఆదేశం, ఎందులోకి అన్నది లేదు. ఆ వారం వీధిలో అందరూ తలంటు పోసుకున్నారు. మల్లెపొదలు మాత్రం పొడిగా, దాహంగా, క్షేమంగా ఉన్నాయి.

కానీ సోమవారం దగ్గరికి వస్తోంది. వారంలో ఆకు రప్పించడం ఏ శాస్త్రంలోనూ లేదు.

ఆలోచన ఇచ్చింది మా అత్తగారే. "మొగ్గ కట్టినట్టే ఆకు కట్టేస్తే పోలా?" అన్నారు.

పక్కింటి నందివర్ధనం ఆకులు తెంపుకొచ్చి ఆవిడ ముందు పోశాను. ఆవిడ పొద దగ్గర పీట వేయించుకుని, కొమ్మను తడుముతూ, ఆకు పెట్టి నార ముడివేస్తూ పోయారు. చలికాలంలో ఆవిడ చేతికి పని దొరకడం అదే మొదటిసారి. పూర్తయ్యేసరికి పొద నిజంగానే ఆకు తొడిగినట్టు ఉంది. మరుసటి రోజుకి ఆకులు వాలిపోయాయి. ఆ మర్నాడు అట్టలో హెచ్చరిక గడి రంగుకి వచ్చాయి.

ఎదురింటి జుబేదా చూసి నవ్వింది. వాళ్ళాయనకి బజార్లో ఫ్యాన్సీ కొట్టు ఉంది. "కోసిన ఆకు ఎన్నాళ్ళుంటుంది అక్కా? మా కొట్లో ప్లాస్టిక్ మామిడాకు తోరణాలు కట్టలు కట్టలు పడున్నాయి. ఉగాదికి తెప్పించాం. విప్పి కట్టేద్దాం."

"మల్లెపొదకి మామిడాకులేమిటని అడిగితే?"

"అట్టలో రంగే కదా ఉంది. ఆకారం లేదుగా" అంది జుబేదా. "నాకు కూడా కట్టించు మామ్మా. మా పొద కూడా పోయిందని రాసుకెళ్ళాడు, నేను బిర్యానీ పొయ్యి మీద పెట్టి బయటికి రాలేకపోయాను."

ఆదివారం నాటికి మా వీధిలో పోయిన మల్లెలన్నిటికీ మామిడాకులు వచ్చాయి.

సోమవారం ట్రాక్టరు వెనకాలే త్రినాథరావు గారు దిగారు. పొద చుట్టూ తిరిగారు. అట్ట తీసి ఒక ఆకు పక్కన పెట్టారు. ఇంకో ఆకు పక్కన పెట్టారు. పై ఆకు, కింది ఆకు, గోడవైపు ఆకు. ప్రతి ఒక్కటీ సరిగ్గా మొదటి గడి. ఆయన కళ్ళు చెమర్చాయి.

"చూశారా అమ్మా, నీళ్ళు పోస్తే ఎలా తేరుకుందో" అన్నారు.

ట్రాక్టరు ఖాళీగా వెళ్ళిపోయింది. మా అత్తగారు అరుగు మీద ముక్కుపుడక సవరించుకున్నారు.

వ్యవహారం అంతటితో ఆగి ఉంటే నేను ఇది రాసే పని ఉండేది కాదు. ఊరి మొత్తంలో అన్ని ఆకులూ మొదటి గడిలో పడిన మొక్కలు మా వీధివి మాత్రమేనని, వాటిలో నంబరు ప్రకారం మొదటిది మాదని కార్యాలయంలో తేలింది. కమిషనరు గారు స్వయంగా చూడటానికి వచ్చారు. వెంట ఫోటోగ్రాఫరు, పూలగుత్తి పట్టుకున్న ఒక గుమాస్తా, వెనకాల త్రినాథరావు గారు. మా ఆయన ఆ రోజు సెలవు పెట్టి ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు.

కమిషనరు గారు ఒక ఆకును రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నారు. "నా సర్వీసులో ఇంత సమానమైన ఆకు చూడలేదు. ఒకటి చిన్నా లేదు, ఒకటి పెద్దా లేదు. పండిన ఆకు లేదు. పురుగు కొట్టిన ఆకు లేదు. దీన్నే క్రమశిక్షణ అంటారు. ఏం పోషణ చేస్తారమ్మా?"

"వారానికోసారి తడిగుడ్డతో తుడుస్తానండీ."

గుమాస్తా రాసుకున్నాడు. నాకు ఇక ఉండబట్టలేదు. అబద్ధం ఆడటం వేరు, అబద్ధానికి పూలగుత్తి పుచ్చుకోవడం వేరు.

"అవి ప్లాస్టిక్ ఆకులండీ" అన్నాను.

మా ఆయన దగ్గారు. త్రినాథరావు గారు ఆకాశంకేసి చూశారు. కమిషనరు గారు మాత్రం ఏమీ తొణకలేదు.

"పదార్థం ఏదన్నది మన శాఖ పరిధిలోకి రాదమ్మా" అన్నారు. "రంగు మన పరిధి. రంగు విషయంలో మీకు ఏమైనా అభ్యంతరం ఉందా?"

"లేదండీ."

"మాకూ లేదు" అని ఆయన పూలగుత్తి నా చేతిలో పెట్టారు. ఫోటో తీశారు. పూలగుత్తిలో పూలు కూడా ప్లాస్టిక్‌వే.

రెండో ఉత్తర్వు ఆ పక్షంలోనే వచ్చింది. సహజంగా పెరిగే ఆకులు ఒకే రంగులో నిలబడలేకపోతున్నవని, కొన్ని లేతగాను కొన్ని ముదురుగాను ఉండి పట్టణ ప్రతిష్ఠకు భంగం కలిగించుచున్నవని, కావున ఇకపై అన్ని గృహములలోను ప్రామాణిక పత్రములు అమర్చబడునని అందులో ఉంది. ప్రామాణిక పత్రములు అంటే జుబేదా వాళ్ళ కొట్టు తోరణాలే. అవి అమర్చడానికి వీలుగా సహజ పత్రములను తొలగిస్తారు. ప్రామాణిక పత్రముల మీద మరకలు పడకుండా మొక్కలకు నీరు పోయడం నిషేధం. తడిగుడ్డ అనుమతించబడినది.

గోనెసంచులతో మునిసిపాలిటీ మనుషులు వచ్చి ఊరంతా ఆకు దూశారు. గులాబీలు దూశారు, మందారాలు దూశారు, ఇంతకుముందు దూయడానికి మనసొప్పక ఊరుకున్న ఇళ్ళలో మల్లెలు కూడా దూశారు. కరివేపాకు దూసినప్పుడు మాత్రం ఆడవాళ్ళు సంచులు లాక్కున్నారు. ఆ వారం ఏ వీధిలోంచి నడిచినా కరివేపాకు పొడికి వేయించిన వాసనే. తరవాత ఉగాది దాకా ఎవరి చారులోనూ రెమ్మ లేదు. తులసికోట దగ్గరికి వచ్చినప్పుడు మా అత్తగారు చేతికర్ర పట్టుకుని దానికి అడ్డంగా కూర్చున్నారు. వాళ్ళు కోటను ఫర్నిచరు కింద రాసుకుని వెళ్ళిపోయారు.

నన్ను పిలిపించి 'మార్గదర్శక గృహిణి' అన్నారు. టౌన్‌హాల్లో శిక్షణ శిబిరం పెట్టి, ఆకు తుడిచే విధానం చూపించమన్నారు. గుడ్డ తడిపి, పిండి, ఆకు మొదటి నుంచి కొసకి ఒకసారి తుడిచి చూపించాను. వెనక వరసలో ఒకావిడ లేచి, "కొస నుంచి మొదటికి తుడవచ్చా అండీ?" అని అడిగింది. వేదిక మీద ఉన్న అధికారులు ముగ్గురూ తలలు దగ్గరికి పెట్టి మాట్లాడుకుని, ఆ విషయం పై కార్యాలయానికి నివేదిస్తామన్నారు.

రథసప్తమి వెళ్ళింది. మల్లెకి ఎరువు వేసి నీళ్ళు పెట్టే రోజులు వచ్చాయి. నీళ్ళు నిషేధం కదా, బియ్యం కడిగిన కుడితి తెచ్చి పొద మొదట్లో ఒంపాను. అదే సమయానికి త్రినాథరావు గారు వీధిలోంచి వెళుతున్నారు.

"నీరా అమ్మా అది?"

"పారబోతండీ."

"పారబోతకు నిషేధం లేదు" అని ఆయన సైకిలు దిగకుండానే వెళ్ళిపోయారు.

ఇక మా వీధిలో, మమ్మల్ని చూసి ఊళ్ళో, అందరూ గిన్నెలు కడిగినవీ, పప్పు కడిగినవీ మల్లె మొదట్లోనే పారబోశారు. మునిసిపల్ ఉద్యానవనంలో మాత్రం గిన్నెలు కడిగేవాళ్ళు లేరు. అక్కడి మొక్కలన్నీ ప్రామాణిక పత్రాల కింద నిలబడి ఎండిపోయాయి. ఎవరికీ తెలియలేదు. రాజధాని నుంచి వచ్చిన పరిశీలన బృందం బస్సు దిగకుండా చూసి, ఉద్యానవనాన్ని ఆదర్శవనంగా ప్రకటించి బహుమతిగా డాలు ఇచ్చింది. డాలు పుచ్చుకునేటప్పుడు కమిషనరు గారు ఆనుకున్న చెట్టు కొంచెం విరిగింది.

చైత్రం వచ్చింది. ఒక సాయంత్రం మా అత్తగారు అరుగు మీద కూర్చుని ఉన్నట్టుండి, "అమ్మాయ్, నార తడుపు" అన్నారు.

"ఇంకా ఎక్కడండీ, నేను పొద్దున్నే చూశాను" అన్నాను. వెళ్ళి మామిడాకులు పైకెత్తి చూశాను. కింద కొత్త చివుళ్ళు, చివుళ్ళ కొసల్లో మొగ్గలు. గుత్తులు గుత్తులుగా, ప్లాస్టిక్ ఆకుల్ని పక్కకి నెట్టుకుని బయటికి వస్తున్నాయి. కళ్ళున్నదాన్ని నేను ఆకులు తుడుస్తూ కూర్చున్నాను. ఆవిడకి వాసన అందింది.

ఆ ఏడాది పూసినట్టు మా ఊళ్ళో మల్లె ఎప్పుడూ పూయలేదు. అధికారికంగా ఊరంతా ఒకేసారి ఆకు దూయించిన ఏడాది మరి. మొగ్గలు కొంగులు దాటి బుట్టలకెక్కాయి. మా అరుగు మీద జాగా చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. "మామ్మా, కాస్త అటు జరుగు" అన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు. జరగాల్సింది మిగతావాళ్ళే.

అలాంటి ఒక సాయంత్రం త్రినాథరావు గారు వచ్చారు. ఎండాకాలం కదా, ఉన్ని టోపీ పోయి బట్ట టోపీ వచ్చింది. చేతిలో అట్ట ఉంది. పొద ముందు చాలాసేపు నిలబడ్డారు.

"తెల్లమచ్చలు వచ్చాయమ్మా" అన్నారు చివరికి.

"అవి పూలండీ."

"తెలుసమ్మా. కానీ అట్టలో తెలుపు లేదు. తెల్లమచ్చలు సోకిన మొక్కలను గుర్తించి తొలగించమని ఉత్తర్వు వచ్చింది. మీ వీధితోనే మొదలుపెట్టమన్నారు."

నార అందిస్తున్న చేతులు ఆగిపోయాయి. జుబేదా ఒడిలో ఉన్న బుట్ట మీద పైట కప్పింది. మా అత్తగారి వేళ్ళు మాత్రం ఆగలేదు.

"ఇలా రా నాయనా. ఈ నార కొస పట్టుకో, జారిపోతోంది" అన్నారావిడ.

ఆయన చెప్పులు విప్పి, మెట్టు మీద కూర్చుని, కొస పట్టుకున్నారు. ఆవిడ మొగ్గ మీద మొగ్గ పెట్టి ముడివేస్తూ, మాల జరుపుతూ పోయారు.

"మీ ఇంట్లో మల్లె ఉందా నాయనా?"

"ఉందమ్మా."

"పూసిందా?"

ఆయన మాలకేసి చూశారు. "అధికారుల ఇళ్ళకి తనిఖీ లేదమ్మా. అందుకని ఎవరూ ఆకు దూయలేదు. నేను మొదటి ఉత్తర్వు ప్రకారమే రోజూ నీళ్ళు పోస్తూ వచ్చాను. డాబా దాకా పాకింది. నిజమైన ఆకు, ప్రతి ఆకూ మొదటి గడి." కొంచెం ఆగి, "ఒక్క మొగ్గ లేదు" అన్నారు. "మా ఆవిడ అన్నం పెడుతోంది కానీ మాట్లాడటం లేదు."

జుబేదా నవ్వు ఆపుకోవడానికి బుట్టలోకి తల వంచింది.

"తల ఇలా వంచు" అన్నారు మా అత్తగారు. టోపీ తీసి, ఆయన తల మీద చెయ్యి వేసి తడిమారు. "ఒత్తుగానే వచ్చిందే. దీనికి ఎన్ని ట్యాంకర్లు పోశారు?"

"ఊరికే వచ్చిందమ్మా."

"ఊఁ" అన్నారావిడ.

ఆయన కొంతసేపు తన తల తనే నిమురుకుంటూ కూర్చున్నారు. తరవాత మెల్లిగా, అధికారి గొంతుతో కాకుండా, అడిగారు. "మాదానికి ఎప్పుడు దూయాలంటారు?"

"మళ్ళీ చలి రానియ్. నువ్వు గుండుకి వెళ్ళే ముందు నీ మల్లె సంగతి చూసి వెళ్ళు."

మాల పూర్తయింది. ఆవిడ కొస కొరికి, ఒక మూర పైనే కొలిచి, ఆయన టోపీలో చుట్టగా పెట్టి చేతికిచ్చారు. ఆయన లేచి నిలబడ్డారు. ఒక చేతిలో అట్ట, ఒక చేతిలో టోపీ. అట్ట చంకలో పెట్టుకుని, జేబులోంచి కలం తీసి, మా గోడకి కాగితం ఆనించి రాసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చదివాను.

"సదరు మొక్కకు ఆకులు పచ్చగా ఉన్నవి. ఇతర విశేషములేమియు లేవు."

సైకిలు హ్యాండిలుకి టోపీ తగిలించుకుని ఆయన వీధి దాటుతుంటే, అటు ఇటు ఇళ్ళలో ఆడవాళ్ళు వాసనకి తలతిప్పి చూశారు. ఆయన ఎవరికేసీ చూడలేదు.